ఒకటి అనేలోపు

కుట్లు విప్పే రోజు డాక్టరమ్మ అడిగింది,
"ఎట్లా కనుక్కున్నావన్నా?" అని.
ఇరవై ఆరేళ్లుంటాయేమో, కళ్ల కింద రెండు రాత్రుల నిద్ర బాకీ.
నేను ఇస్త్రీ బండోణ్ణి తల్లీ,
బైరాగిపట్టెడ మూడో సందు మొగదల.
రంగు తేడా వస్తే నా కంటికి ఆనుతుంది.

బొగ్గు అరిచి ఉంటే ఎవరైనా కనుక్కుందురు.
అరవలేదు.
పడుకునింది, లేచింది, మళ్లీ పడుకోబోయి
నేల కాలినట్టు నిలబడిపోయింది.
బండి చుట్టూ తిరిగింది.
తన పొట్ట వైపు తానే మెడ తిప్పి చూసుకునింది,
అక్కడి నుంచి ఎవరో పిలిచినట్టు.

ఎవరో పెంచి విడిచిన వేటజాతి అది, లోతు రొమ్ము, పొడుగు కాళ్లు.
ఆ సాయంత్రం కల్యాణమండపం వెనక
ఇస్తరాకుల కుప్పలో తల దూర్చింది నేను చూసినా.
కక్కితే పోతుందిలే అనుకున్నా.
కక్కడానికే వొంగింది, మెడ చాచి, డొక్కలు ఎగరేసి,
ఒకసారి, మూడుసార్లు, ఎనిమిదిసార్లు.
తీగలాంటి జొల్లు తప్ప ఏమీ రాలేదు.
ఎండిన బావిలో చేద వేసి
ఖాళీ చేద లాగినట్టు.

పూలంగడి దొరసాని, గడ్డి తింటే సరిపోతాదనింది.
టీకొట్టు మొగిలయ్య దిష్టి అన్నాడు.
తెల్లారనీ, అన్నారు ఇద్దరూ.

తెల్లారనీ.
ఆ మాట నాకు పాత పరిచయం.
పదకొండేండ్ల కింద, మచ్చ అని నాకొక కుక్క,
ఇట్లాగే తిరగతా ఉంటే
నేనే అన్నా ఆ మాట, దుప్పటి లాక్కుంటా.
తెల్లారింది.
దాని బతుకూ తెల్లారింది.

అందుకే చెయ్యి పెట్టినా.
డొక్క వెనక పొట్ట
గంగజాతరలో మంటకు కాచిన పలక మాదిరి బిగిసి ఉంది.
వేలితో తడితే మోగింది.
పెదవి ఎత్తినా.
రోజూ లేత కనకాంబరంలా ఉండే చిగురు
నీలిమందు ఎక్కువైన పంచెలా ఉంది.
బొటనవేలితో అదిమి వదిలినా.
అదిమిన చోటు పాలిపోవాల,
ఒకటి అనేలోపు ఎరుపు పరిగెత్తి రావాల.
ఒకటన్నా.
రెండన్నా.
మూడన్నా.

ఇంక ఎవరినీ అడగలేదు.
వాము నీళ్లు పొయ్యలేదు. గోనెపట్టా పరిచి
నేనూ ఆటో గుణశేఖరూ చెరోవైపు పట్టి ఎత్తినాం.
"ముందు ఫోన్ కొట్టు వెటర్నరీ ఆసుపత్రికి,
పొట్ట ఉబ్బింది, వాంతి రావటం లేదు, వస్తా ఉండామని చెప్పు."
రాత్రి పదకొండున్నర.
కొండ మీది దీపాల వరస
మాకేం సంబంధం అన్నట్టు వెలగతా ఉండాది.
లీలామహల్ కూడలిలో బస్సు అడ్డం.
గుణశేఖరు హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు.
నా వొళ్లో తల పెట్టి కూడా అది నా వైపు చూడలేదు.
చూడకపోవడం, అదీ ఒక గుర్తే తల్లీ.

తర్వాతది నీకే తెలుసు.
పక్కన బొచ్చు గొరిగి లావు సూది దించితివి,
సైకిలు ట్యూబులా బుస్సుమనింది.
గదంతా పులిసిన వాసన.
కడుపు మెలి తిరిగింది, కొయ్యాల, మాట ఇవ్వలేనంటివి.
ఇంకో గంట ఆగుంటే, అని మొదలుపెట్టి
మిగతాది చేతికి తొడుగు వేసుకుంటా మింగేస్తివి.

ఆ హడావుడిలో ఇస్త్రీపెట్టె దించడం మరిచినా.
పొగ చూసి మొగిలయ్య దించినాడంట.
లెక్చరరు శేషాచలపతి గారి తెల్లచొక్కా వీపున
పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ.
నాలుగువందలడిగినాడు. ఇచ్చినా.
న్యాయమే కదా.

ఇప్పుడు మండపంలో మేళం మొదలైతే
బొగ్గు చెవులు నిక్కబొడుస్తుంది.
గొలుసు వేస్తా. నన్ను తిట్టుకుంటుంది.
పెట్టెలో నిప్పు రాజుకునేలోపు, ప్రతి పొద్దునా
పెదవి ఎత్తి, అదిమి, వదుల్తా.
ఒక...

వచ్చేసింది.